మల్లిక నిరీక్షణ: ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’ నాటకము, చలనచిత్రము

మేఘదూతంలో యక్షుడు రామగిరి శిఖరాన మేఘాన్ని చూచినది ఆషాఢమాసంలో ఏ నాడు? ఈ ప్రశ్న మీద ప్రాచీన వ్యాఖ్యాతలు చాల తర్కించారు. ‘ప్రథమ’ దివసమని ఒక పాఠం. ‘ప్రశమ’ దివసమని, అనగా మాసం అడుగంటే దినమని, మరొక పాఠం. తెలుగుదేశంలోని కోలాచలం వాడైన మల్లినాథసూరి తన సంజీవనీ వ్యాఖ్యలో రెండవ పాఠాన్ని ఎత్తుకొని విచారించి, త్రోసిపుచ్చి, మొదటిదానినే నిలిపాడు. 1958లో హిందీ రచయిత మోహన్ రాకేశ్ కాళిదాసును పాత్రగా చేసి నాటకం వ్రాసినప్పుడు దాని పేరును ఆ శ్లోకం నుండే తీసికొన్నాడు గాని, మల్లినాథుడు అంత శ్రమపడి నిలిపిన విశేషణాన్ని మాత్రం వదలివేశాడు. ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’: ఆషాఢంలో ఒక రోజు. నాటకం ఆరంభంలో నాయిక మల్లిక తడిసి ఇల్లు చేరేది ఆషాఢపు మొదటి వానలోనే. అయినా పేరులో ఆ మొదటితనం లేదు. ఎదురుచూచే మనిషికి దినాలన్నీ ఒక్కటిగానే ఉంటాయి కాబోలు.

మేఘదూతంలో మాటాడేది యక్షుడు ఒక్కడే. అలకాపురిలో ఉన్న ఆతని భార్య ఒక్క పలుకైనా పలుకదు. ఆమె గడప మీద పూలుంచి మిగిలిన నెలలను లెక్కపెడుతుందనీ, వీణ ఒడిలోకి తీసికొని తాను కూర్చుకొన్న మూర్ఛననే మరచిపోతుందనీ ఉత్తరమేఘంలో చదువుతాము. కాని అదంతా దూరాన ఉన్న భర్త ఊహించి మేఘానికి చెప్పిన మాట. ఆమె నిజంగా ఏమి చేస్తున్నదో కావ్యం చెప్పదు. విరహం ఇద్దరిదీ, వాక్కు ఒక్కరిది. ఆషాఢం రాగానే క్రొత్తకోడలిని పుట్టింటికి పంపే ఆచారం ఉన్న తెలుగువారికి ఈ మాసానికీ ఎడబాటుకూ గల సంబంధం కావ్యం చదివి తెలుసుకోవలసినది కాదు. ఆ ఆచారంలో కూడ గోడకు ఆనుకొని కూర్చున్న పిల్లను ఏమనుకొంటున్నావని అడిగినవారు తక్కువ.

మన సాహిత్యంలో ఎదురుచూచే నాయికకు కొరత లేదు. అలంకారికులు ఆమెను విరహోత్కంఠిత అన్నారు, ప్రోషితభర్తృక అన్నారు, వాసకసజ్జిక అన్నారు. లక్షణాలు చెప్పారు, ఉదాహరణలు ఇచ్చారు. అయితే ఈ నాయికలందరికీ ఒక సదుపాయం ఉన్నది. వినేవారు ఉన్నారు. క్షేత్రయ్య నాయిక చెలితో చెప్పుకొంటుంది. భామాకలాపంలో సత్యభామకు మాధవి ఉన్నది. అలిగి, నొచ్చుకొని, చివరకు లేఖ వ్రాసి మాధవి చేతికి ఇస్తుంది. ఆ లేఖే కూచిపూడి నటులకు ఒక గొప్ప అభినయ ఘట్టం. దుఃఖం పాటగా, లేఖగా, సందేశంగా మారిపోయే మార్గం ఎప్పుడూ తెరచి ఉన్నది. వినేవారు లేనప్పుడు ఆ స్త్రీ ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నను మన కాలంలో గట్టిగా అడిగినవారిలో మోహన్ రాకేశ్ ఒకడు. ఆతని తరువాత పదమూడేండ్లకు అదే నాటకాన్ని చలనచిత్రంగా తీసిన మణి కౌల్ ఆ ప్రశ్నను ఇంకా కఠినం చేశాడు.

రాకేశ్ 1925లో అమృత్‌సర్‌లో పుట్టాడు, లాహోరులో చదువుకొన్నాడు. చదువుకొన్న ఊరు దేశవిభజనతో పరదేశమైపోయిన తరానికి చెందినవాడు. రాజేంద్ర యాదవ్, కమలేశ్వర్‌లతో కలిసి హిందీలో ‘నయీ కహానీ’ అనబడే నవ్యకథకు మూలస్తంభంగా నిలిచాడు. ఉద్యమాలు, ఆదర్శాలు నిండిన పూర్వపు కథ నుండి ఈ తరం వారు తప్పుకొని చిన్న పట్టణపు గదులలో, మెట్ల మీద, బస్సుల వద్ద ఒంటరిగా నిలిచిన మనుష్యులను చూచారు. వారి కథలలో పెద్ద సంఘటనలు జరుగవు. జరుగవలసినది జరుగకపోవడమే కథ.

నాటకంలోని కథ పాఠకులలో చాలమందికి తెలిసినదే అయినా, సినిమా చేసిన పని తెలియాలంటే కొంత చెప్పక తప్పదు. హిమాలయ సానువులలో ఒక పల్లె. అక్కడ అంబిక అనే విధవ, ఆమె కూతురు మల్లిక. మల్లిక ఆ ఊరి యువకవి కాళిదాసును ప్రేమించింది. ఆ ప్రేమకు పెండ్లి అనే ముగింపు ఉండాలని ఆమె పట్టుపట్టదు. తల్లికి అదే దిగులు. రాజపురుషుడు కొట్టిన బాణానికి గాయపడిన జింకపిల్లను చేతులలో పెట్టుకొని కాళిదాసు రంగం మీదికి వస్తాడు. అదే దినం ఉజ్జయిని నుండి ఆతనికి ఆస్థానకవి పదవికి పిలుపు వస్తుంది. ఆతడు వెనుకాడుతాడు. వెళ్ళమని ఒప్పించి పంపేది మల్లికే. ఆతడు తన దగ్గర ఉండిపోతే ఆతని కవిత్వం ఆ కొండల మధ్యనే ఉండిపోతుందని ఆమె భయం. ఊళ్ళో విలోముడు అనే మరొక మనిషి ఉన్నాడు. ఆతని చేదు మాటలను ఎవ్వరూ సహించరు, కాని ఆతడు చెప్పినవన్నీ నిజమవుతాయి.

రెండవ అంకం కొన్ని సంవత్సరాల తరువాత. కాళిదాసు ఋతుసంహారం, మేఘదూతం ఉజ్జయిని నుండి వచ్చే వర్తకుల వద్ద కొని మల్లిక చదువుకొంటున్నది. కాళిదాసు ఇప్పుడు రాజబంధువు, రాజపుత్రి ప్రియంగుమంజరికి భర్త, మాతృగుప్తుడనే పేరుతో కాశ్మీరాన్ని ఏలబోతున్నాడు. ఈ మాతృగుప్తుని కథ రాకేశ్ కల్పించినది కాదు. ఉజ్జయిని విక్రమాదిత్యుడు ఒక కవిని కాశ్మీర సింహాసనానికి పంపిన కథ కల్హణుని రాజతరంగిణిలో ఉన్నది. ఆ కవే కాళిదాసని పందొమ్మిదవ శతాబ్దంలో భావు దాజీ వాదించాడు. జయశంకర ప్రసాద్ తన ‘స్కందగుప్త’ నాటకంలో మాతృగుప్తుని పాత్రగా నిలిపాడు. చరిత్రకారులు ఈ వాదాన్ని అంగీకరించలేదు. నాటకకర్తకు కావలసినది ప్రమాణం కాదు, వీలు. కవి పాలకుడైతే ఏమవుతుందో చూపడానికి ఆతనికి ఒక సింహాసనం దొరికింది.

పరివారంతో ఊరి మీదుగా వెళ్తూ కాళిదాసు ఆ ఇంటికి రాడు. రాణి వస్తుంది. ఇల్లు శిథిలమైనది, బాగుచేయిస్తానంటుంది. తన ఉద్యోగులలో ఒకరిని పెండ్లాడమంటుంది. ఆ ఉద్యోగుల పేర్లు అనుస్వారుడు, అనునాసికుడు. ఇంట్లో వస్తువులను అటు జరపాలా ఇటు జరపాలా అని వారిద్దరూ చాలసేపు గౌరవంగా చర్చించి, దేనినీ జరపకుండా వెళ్ళిపోతారు. స్వంత ఉనికి లేక మరొక అక్షరాన్ని పట్టుకొని మ్రోగే ధ్వనుల పేర్లు అధికారులకు పెట్టడంలోని చమత్కారం వ్యాకరణం చదివినవారికి విప్పి చెప్పనక్కరలేదు. కావ్యాలలో ఈ ఊరి వాతావరణం ఉన్నది గనుక ఇక్కడి రాళ్ళు, చెట్లు, కొన్ని జంతువులు వెంట తీసికొని పోతామని కూడ రాణి అంటుంది. ఆ మాట విని మల్లిక ఏమీ అనదు. నాటకం మొత్తంలో ఇంత క్రూరమైన చోటు మరొకటి లేదు.

మూడవ అంకంలో మళ్ళీ ఆషాఢం, మళ్ళీ వాన. అంబిక చనిపోయింది. కాశ్మీరం విడిచి కాళిదాసు చీకటిలో తిరిగి వస్తాడు. తాను వ్రాసినదంతా ఇక్కడి జీవితమేననీ, కుమారసంభవంలోని తపస్విని, మేఘదూతంలోని యక్షిణి, శకుంతల అందరూ మల్లికేననీ చెప్పుకొంటాడు. మల్లిక తన చేతితో కుట్టి పెట్టిన తెల్ల కాగితాల పుస్తకం ఒకటి అక్కడ ఉన్నది. ఆతడు వచ్చినప్పుడు ఇవ్వాలని, ఆతడు దాని మీద తన మహాకావ్యం వ్రాయాలని ఆమె దాచినది. ఏండ్ల కన్నీళ్ళతో, చెమటతో, మాసికతో ఆ పుటలు మరకలు పడి ఉన్నవి. ఈ పుటలు ఖాళీవి కావు, వీటి మీద మహాకావ్యం వ్రాయబడియే ఉన్నదని కాళిదాసు అంటాడు. కవి మాట అందమైనదే. ఆ అందం మల్లికకు ఏమి ఉపకరించిందో నాటకం చెప్పదు. మళ్ళీ మొదటి నుండి జీవితం ప్రారంభింతామంటాడు. అప్పుడే లోపల పసిబిడ్డ ఏడుస్తుంది. ఆ బిడ్డ విలోమునికి పుట్టినది. విలోముడు తలుపు తట్టి తన ఇంటికి తాను వచ్చినట్లు లోపలికి వస్తాడు. కాలం ఎవరి కోసమూ ఆగదని తెలుసుకొన్న కవి మల్లిక చూడనప్పుడు వానలోకి వెళ్ళిపోతాడు. ఆమె గడప దాకా వెళ్ళి, చేతులలోని బిడ్డను చూచి, నిలిచిపోతుంది.

ఈ నాటకం వచ్చిన కాలాన్ని గుర్తు తెచ్చుకోవాలి. 1953లో సంగీత నాటక అకాడెమీ, 1954లో సాహిత్య అకాడెమీ ఏర్పడినవి. స్వతంత్ర రాజ్యం రచయితలను పిలిచి గౌరవించడం నేర్చుకొంటున్న దినాలు. రచయితలు పదవులకు, పత్రికా సంపాదకత్వాలకు, ఆకాశవాణికి రాజధాని చేరుతున్న దినాలు. ఆ సమయంలో రాజసన్మానం కవిని ఎలా ఖాళీ చేయగలదో చూపిన నాటకానికి 1959లో సంగీత నాటక అకాడెమీయే పురస్కారం ఇచ్చింది. దీనిని హేళన అనుకోనక్కరలేదు. తన మీద వ్రాసిన విమర్శను గుర్తించగలిగిన సంస్థకు కొంత ఔదార్యం ఉన్నట్లే. అయితే విమర్శకులు సాధారణంగా కాళిదాసు సంకటాన్నే ఈ నాటకానికి కేంద్రంగా పట్టుకొన్నారు: రాజ్యమా, రచనా? నిజానికి ఆ సంకటం పరిష్కారమైనా కాకపోయినా ఖర్చు పెట్టినది మల్లిక. మూడంకాలూ ఆమె ఇంట్లోనే జరుగుతాయి. రంగస్థలం ఒక్కసారి కూడ ఉజ్జయినికి పోదు. చరిత్ర అంతా బయట జరిగి, ఆ ఇంటికి వార్తగా వస్తుంది.

1960లో కలకత్తాలో ‘అనామికా’ సంస్థ తరఫున శ్యామానంద్ జాలాన్ ఈ నాటకాన్ని రంగం మీదికి తెచ్చాడు. 1962లో ఢిల్లీలో ఇబ్రహీం అల్కాజీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా తరఫున ప్రదర్శించాడు. ఆ 1960లోనే తెలుగులో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వాన ‘మహాకవి కాళిదాసు’ చిత్రం వచ్చింది; అక్కినేని నాగేశ్వరరావు కాళిదాసు. కాళి అనుగ్రహంతో మూఢుడు కవి అయిన జనశ్రుతిని ఆ చిత్రం పద్యాలతో, పాటలతో హృద్యంగా చెప్పింది. ఒకే ఏట దేశంలో రెండు చోట్ల ఇద్దరు కాళిదాసులు. ఒకరు దైవం చేత పొందినవాడు. ఒకరు మనిషిని పోగొట్టుకొన్నవాడు. కలకత్తాలోనే అదే సంవత్సరం ఋత్విక్ ఘటక్ చిత్రం ‘మేఘే ఢాకా తారా’ విడుదల అయింది. కుటుంబం కోసం తన్ను తాను అరగదీసుకొన్న నీత చివరకు కొండల మధ్య తనకు బ్రతకాలని ఉన్నదని అరచి చెబుతుంది. ఆ కేక కొండలలో మారుమ్రోగుతుంది. ఘటక్ మార్గం అది: దుఃఖం పొంగి గగనాన్ని అంటాలి.

ఆ ఘటక్ కొద్దికాలం పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉపాధ్యాయుడు. ఆతని శిష్యులలో ఒకడు మణి కౌల్. 1944లో జోధ్‌పూర్‌లో పుట్టి, 1966లో ఆ సంస్థ నుండి పట్టం పొందాడు. గురువు పట్ల కౌల్‌కు గల భక్తి ప్రసిద్ధమే. కాని ఆతడు నడచిన త్రోవ గురువు త్రోవకు ఎదురుదిక్కు. గురువు కేక పెట్టించిన చోట శిష్యుడు గొంతునే తగ్గించివేశాడు. ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెసాన్ చిత్రాలు ఆతనికి ఈ ధైర్యాన్నిచ్చినవి. నటులు నటించకూడదనీ, మాటలో భావాన్ని బరువుగా నింపరాదనీ, చేయి, తలుపు, అడుగుల చప్పుడు ముఖంతో సమానమైన ప్రాముఖ్యం గలవనీ బ్రెసాన్ సిద్ధాంతం.

ఇటువంటి చిత్రానికి మార్కెట్టు నుండి డబ్బు వచ్చే అవకాశం లేదు. 1960లో కేంద్రప్రభుత్వం స్థాపించిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ దశాబ్దపు చివరి భాగంలో తక్కువ ఖర్చు చిత్రాలకు, క్రొత్తవారికి అప్పులు ఇవ్వడం మొదలుపెట్టింది. 1969లో మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’, బాసు ఛటర్జీ ‘సారా ఆకాశ్’ వచ్చినవి. వెంటనే మణి కౌల్ మొదటి చిత్రం ‘ఉస్‌కీ రోటీ’. సాహిత్య చరిత్రలో దీనిని గమనించినవారు తక్కువ గాని, ఈ సినిమా పుట్టుకకు నవ్యకథయే మంత్రసాని. ‘సారా ఆకాశ్’ రాజేంద్ర యాదవ్ నవల. ‘ఉస్‌కీ రోటీ’ మోహన్ రాకేశ్ కథ. 1972లో కుమార్ సహానీ తీసిన ‘మాయాదర్పణ్’ నిర్మల్ వర్మ కథ. 1974లో ‘రజనీగంధా’కు మూలం మన్నూ భండారీ కథ. పత్రికలలో పది పదిహేనేండ్లు నలిగిన ఒంటరితనం ఇప్పుడు వెండితెరకు ఎక్కింది.

‘ఉస్‌కీ రోటీ’లో బాలో అనే పంజాబు పల్లె స్త్రీ రోజూ భర్తకు రొట్టె పట్టుకొని రోడ్డు మీద బస్సు ఆగే చోట నిలుచుంటుంది. భర్త సుచ్చాసింగ్ బస్సు డ్రైవరు. ఇంటికి వారానికి ఒకమారు వస్తాడు. వేరొక చోట ఆతనికి వేరొక స్త్రీ ఉన్నది. ఒకనాడు చెల్లెలికి ఊళ్ళో జరిగిన అవమానం వల్ల బాలో ఆలస్యంగా వస్తుంది. బస్సు వెళ్ళిపోతుంది. ఆమె రాత్రి దాకా నిలుచుంటుంది. కథ ఇంతే. దీనిని తీయడానికి కౌల్ ఛాయాగ్రాహకుడు కె. కె. మహాజన్‌తో కలిసి రెండే కటకాలు వాడాడు. ఒకటి 28 మిల్లీమీటర్లది. దగ్గరిది, దూరానిది అంతా స్పష్టంగా చూపుతుంది. రెండవది 135 మిల్లీమీటర్లది. కొద్ది చోటు మాత్రమే తేటగా ఉండి తక్కినదంతా మసకబారిపోతుంది. మొదట ఒకటి ఆమె నిజజీవితానికి, ఒకటి ఆమె ఊహకు అని విభజించుకొని, చిత్రం సాగినకొద్దీ ఆ నియమాన్ని తారుమారు చేశాడు. అందువల్ల చివరి బస్సు నిజంగా వచ్చిందా, ఆమె మనస్సులో వచ్చిందా అని ప్రేక్షకుడు తేల్చుకోలేడు. చాలకాలం ఎదురుచూచినవారికి ఈ సందేహం క్రొత్తది కాదు. అమృతా షేర్‌గిల్ చిత్రాలలోని స్త్రీల నిశ్చలత ఈ చిత్రంలో కనబడుతుంది. దర్శకుడు ఆ చిత్రాలను చూచి నేర్చుకొన్నాడు కూడ.

రెండవ చిత్రానికి కౌల్ మళ్ళీ రాకేశ్ దగ్గరకే వచ్చాడు. 1971లో వచ్చిన ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’లో మల్లికగా రేఖా సబ్నీస్, కాళిదాసుగా అరుణ్ ఖోప్కర్, విలోమునిగా ఓం శివపురి నటించారు. ఛాయాగ్రహణం మళ్ళీ మహాజన్. నాటకాన్ని సినిమాగా తీసేవారు సాధారణంగా మొదట చేసే పని ఇంటి గోడలు పగులగొట్టి కథను బయటికి తీసికొని పోవడం. అశ్వాలు, రాజధాని, దర్బారు, కవిసభ: వీటన్నిటికీ ఇక్కడ చోటు ఉన్నది. కౌల్ ఒక్కటి కూడ తీసికోలేదు. కొండ మీద ఒక కుటీరం, దాని లోపల మాటలు, బయట మంచు, వాన. రాకేశ్ విధించిన నిర్బంధాన్ని ఆతడు మరింత బిగించాడు.

ఇంకొక విచిత్రమైన పని చేశాడు. సంభాషణలను చిత్రీకరణకు ముందే ధ్వనిముద్రణ చేయించి, చిత్రీకరణ సమయంలో వాటిని వినిపించాడు. పాటలకు మన సినిమాలలో చేసే పద్ధతి మాటలకు చేశాడన్న మాట. దీనివల్ల మాట నటుని గుండెలో నుండి ఈ క్షణాన ఉబికి వచ్చినట్లు ఉండదు. ఎప్పుడో పలికిన మాట ఇప్పుడు గదిలో తిరుగుతున్నట్లు ఉంటుంది. గొంతులు ఎత్తుపల్లాలు లేక సమంగా సాగుతవి. ఎదుటివానితో మాటాడుతున్నట్లు గాక తమలో తాము చదువుకొంటున్నట్లు వినబడతవి. రాకేశ్ సంభాషణ రంగస్థలం మీద వేడిగా ఉంటుంది. మంచి నటి చేతిలో మూడవ అంకం ప్రేక్షకులను ఏడిపిస్తుంది. కౌల్ ఆ ఏడుపును నిరాకరించాడు. ఈ నిరాకరణ వల్ల పోయినదేమిటో మొదట చెప్పాలి. అంబిక పాత్రలోని మాతృక్రోధం పలుచబడింది. అనుస్వార అనునాసికుల హాస్యం దాదాపు ఆవిరి అయింది. హిందీ తెలిసిన శ్రోతకు కూడ కొన్నిచోట్ల మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళవలె తోస్తవి.

అయితే లభించినది చిన్నది కాదు. రంగస్థలం మీద మల్లిక తన మాటల వల్ల తెలుస్తుంది. చిత్రంలో ఆమె మాటల మధ్య ఉన్న కాలం వల్ల తెలుస్తుంది. కాళిదాసు సుదీర్ఘంగా తన కథ చెప్పుకొనే మూడవ అంకంలో ఇది మరీ స్పష్టం. నాటకంలో ఆ ప్రసంగం కవి హృదయం విప్పిన ఘట్టం. చదివేవారు ఆతని వెంట పోతారు. చిత్రంలో ఆ మాటలు భావం ఊడ్చివేసిన స్వరంలో సాగుతుంటే, వాటిని వినవలసిన మనిషి ఒకరు ఆ గదిలో ఉన్నారన్న సంగతి ప్రేక్షకుని వదలదు. యక్షిణివి నీవే అని ఆతడు అంటాడు. యక్షిణికి ఆ మాట ఎలా ఉంటుందో మేఘదూతం అడుగలేదు. పదిహేను శతాబ్దాల తరువాత ఒక చిత్రం, ఆమెను మాటాడించకుండానే, అడిగింది. ఆమె దుఃఖాన్ని మనకు అనువదించి పెట్టే సఖి లేదు, లేఖ లేదు, మేఘం లేదు. నేపథ్యసంగీతమనే ఆధునిక సఖికి కూడ ఇక్కడ పెత్తనం లేదు.

ఇటువంటి చిత్రాలను ప్రజలు ఆదరించలేదని వేరుగా చెప్పనక్కరలేదు. ‘ఉస్‌కీ రోటీ’ థియేటర్లకు చేరడమే కష్టమైనది. ‘ఉస్‌కీ రోటీ’కి, దీనికి ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల పురస్కారాలు వచ్చినవి, మహాజన్‌కు ‘ఉస్‌కీ రోటీ’ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చింది. పురస్కారాలు ఉన్నవి, ప్రేక్షకులు లేరు అనే ఆక్షేపణ పుట్టింది. సామాన్యులు మాత్రమే కాదు, సత్యజిత్ రాయ్ వంటి వాడు కూడ 1970 తరువాత వ్రాసిన వ్యాసాలలో ఈ మార్గాన్ని మెచ్చుకోలేదు. కథ, పాత్ర, మానవ సంబంధం స్పష్టంగా నిలువకపోతే రూపప్రయోగం గాలిలో ఉంటుందని ఆయన అభిప్రాయం. ఆ వ్యాసాలు 1976లో ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’ అనే గ్రంథంగా వచ్చినవి. రాయ్ ఆక్షేపణలో బలం ఉన్నది. ‘చారులత’లో దుర్భిణి పట్టుకొని కిటికీ నుండి కిటికీకి తిరిగే చారు ఒంటరితనం ఒక్క మాట లేకుండానే ఎవరికైనా అర్థమవుతుంది, మనస్సుకు పట్టుతుంది. అంతటి సుగమత్వం కౌల్‌లో లేదు. కాని రాయ్ చూపిన ఒంటరితనాన్ని ప్రేక్షకుడు పంచుకొంటాడు. పంచుకోగానే అది కొంత తగ్గుతుంది. కౌల్ చిత్రంలో పంచుకోవడానికి పిడి దొరకదు. చూచేవాడు కూడ ఒంటరివాడవుతాడు. ఏది ఉత్తమమని తీర్పు చెప్పడం కంటె, రెండూ వేర్వేరు పనులని గుర్తించడం న్యాయం.

డబ్బు సంగతి కూడ ఉన్నది. ప్రభుత్వ ధనంతో ప్రజలు చూడని చిత్రాలు తీయించడమేమిటని 1976లో పార్లమెంటరీ సంఘం ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్‌ను ప్రశ్నించింది. రాజ్యం పిలుపు విని వెళ్ళి చెడిన కవి కథను రాజ్యం ఇచ్చిన అప్పుతో తీశారు. ఆ అప్పు ఎందుకిచ్చారని రాజ్యమే అడిగింది. అనుస్వార అనునాసికులు ఎక్కడికీ పోలేదు.

రాకేశ్ 1972లో, నలభై ఏడవ ఏట, ఢిల్లీలో మరణించాడు. కౌల్ మరుసటి ఏడు విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథను ‘దువిధా’గా తీశాడు. పెండ్లి అయిన మరునాడే వ్యాపారానికి వెళ్ళిపోయిన భర్త, ఆతని రూపం ధరించి వచ్చిన భూతం, మధ్య ఒక స్త్రీ. వరుసగా మూడు చిత్రాలు, మూడింటిలోను ఇంట్లో వదలబడిన ఒక స్త్రీ. దీనికి ఉత్తమ దర్శకునిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆ తరువాత ఆతడు ధ్రుపదం నేర్చుకొని సంగీతం వైపు తిరిగాడు, 2011లో మరణించాడు.

తెలుగుకు ఈ చరిత్రతో సూటియైన బంధం ఒకటి ఉన్నది. బాలోను, మల్లికను చూచిన ఛాయాగ్రాహకుని కన్నే 1977లో తెలుగు పల్లెను చూచింది. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీసినప్పుడు ఛాయాగ్రహణం మహాజన్‌దే. బయట తండ్రీ కొడుకులు కూర్చొని ఉండగా లోపల ప్రసవవేదనతో ఒంటరిగా చనిపోయే కోడలి కథ అది. 1988లో బి. నర్సింగరావు ‘దాసి’ తీశాడు. నిజాము కాలపు తెలంగాణ గడీలో దాసి కమలాక్షికి తన దుఃఖం చెప్పుకొనే హక్కైనా లేదు. అర్చన ఆ పాత్రకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం పొందింది. ఈ చిత్రం కౌల్‌ను అనుసరించిందని అనడం పొరపాటు. ఇక్కడి మౌనానికి కారణం రూపప్రయోగం కాదు, దొరతనం. అయినా తక్కువ మాటలతో, కదలని కాలంతో ఒక స్త్రీని తెర మీద నిలబెట్టవచ్చునని తెలుగు ప్రేక్షకునికి చూపినవాటిలో అది ముందు వరుసలోనిది. గడీలోని వస్తువులను, వర్ణాలను అమర్చిన కళాదర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. తన చిత్రాలలో తెలంగాణ స్త్రీలను నిండైన రంగులతో వేసిన ఆ చేయి ఇక్కడ గోడల రంగును ఎంతో అదుపులో పెట్టింది.

ఇక కాళిదాసుగా నటించిన అరుణ్ ఖోప్కర్ సంగతి. ఆతడు తరువాత దర్శకుడై, సినిమా మీద మరాఠీలో గ్రంథాలు వ్రాశాడు. వాటిలో ‘చలత్ చిత్రవ్యూహ’ అనే పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పిలుపు ఈసారి కూడ రాజధాని నుండే.